ముందు వరుస కుర్రాడు

శుక్రవారం ఉదయం బెర్నడెట్ గుడ్లు వేయిస్తుండగా తమ్ముడు విన్సెంట్ వెనక తలుపు తోసుకుని వచ్చాడు. బూట్ల బురద తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

“బావా, మన జట్టువాళ్ళకి మతి పోయింది!” అంటూ డోనట్ల పెట్టె బల్ల మీద పడేశాడు.

లెనార్డ్ నవ్వబోయి, భార్య వీపు వైపు ఒకసారి చూసి, నెమ్మదిగా మాట్లాడమని బావమరిదికి సైగ చేశాడు. విన్సెంట్ సైగలు చూసే స్థితిలో లేడు.

రాత్రి డ్రాఫ్ట్ జరిగింది. కాలేజీ ఆట ముగించుకున్న కుర్రాళ్ళని అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద జట్లు వంతులవారీగా ఎంచుకునే ఆ రాత్రి, బఫెలో ఊరంతా టీవీల ముందే ఉంటుంది. బెర్నడెట్ మాత్రం పెందలాడే పడుకుంది. కొడుకు డొమినిక్‌కి దెబ్బ తగిలిన నాటి నుంచి ఆమె ఫుట్‌బాల్ జోలికి పోవడం మానేసింది.

“ఎనిమిదో ఎంపిక చేతిలో పెట్టుకుని ఎవరన్నా డిఫెన్స్ లైన్‌లో, అవతలివాళ్ళని అడ్డుకునే ముందు వరుసలో, ఆడేవాణ్ణి తీసుకుంటారా?” అన్నాడు విన్సెంట్. “అలాంటి దున్నలు నాలుగో రౌండులో కూడా దొరుకుతారు. మనకి కావలసింది పరిగెత్తి బంతి పట్టేవాడు.”

“బంతి పట్టాలంటే ముందు అది మన చేతికి రావాలిగా? పోయినేడు ప్రతి జట్టూ మన ముందు వరుస మధ్యలోంచి పెళ్ళి ఊరేగింపులా నడిచిపోయింది. పునాదికి రాయి కావాలిరా.”

“పునాది చూడ్డానికి డబ్బిచ్చి టికెట్ ఎవడు కొంటాడు బావా? నేనొక్కణ్ణే అంటున్నానా, ఊరంతా తిడుతోంది, విను.” విన్సెంట్ చెయ్యి చాచి కిటికీలోని రేడియో పెట్టాడు.

ఎవరో ముసలాయన ఫోన్‌లో గొంతు చించుకుంటున్నాడు. ఆయన్ని ఆపి వ్యాఖ్యాత అన్నాడు: “మీ బాధ అర్థమైంది సార్. కానీ సెమీసి తౌఫా లాంటి కుర్రాడు పదేళ్ళకొకడు...”

లెనార్డ్ కుర్చీ లోంచి లేచి రేడియో కట్టేశాడు. అప్పటికే ఆలస్యమైంది. బెర్నడెట్ చేతిలో గరిటె ఆగిపోయింది.

“ఎవరి పేరు చెప్పాడు?”

పెనం మీద గుడ్లు మాడడం మొదలైంది. విన్సెంట్ మొహం పాలిపోయింది. ఆట గోలలో పడి, ఎవరి ఇంట్లో ఏం మాట్లాడుతున్నాడో మరిచిపోయాడు.

“లెన్, నిన్నే అడుగుతున్నాను. రాత్రి టీవీ ముందు నువ్వు కేక వెయ్యడం నాకు వినపడింది. సంతోషమా అది?”

“ఆశ్చర్యం, బెర్నీ.”

“మరి ఇప్పుడు పునాది రాయి అన్నది వాడినేనా?”

లెనార్డ్‌కి అబద్ధం చేతకాదు. ముప్పై ఏళ్ళు ఊరి వీధుల్లో మంచు తోసే బండి నడిపినవాడు, ఎదురుగా ఏముంటే అదే చెప్పే మనిషి. “ఆటగా చూస్తే అది సరైన ఎంపికే,” అన్నాడు.

“ఆటగా చూస్తే!” ఆమె గొంతు లేచింది. “ఆ పక్క గదిలో పడుకున్నవాణ్ణి నేను దేనిగా చూడాలి? నువ్వే చెప్పు!”

మూడేళ్ళ కిందట అక్టోబరులో, కాలేజీ ఆటలో, డొమినిక్ బంతి విసరబోతున్న క్షణంలో సెమీసి వచ్చి మీద పడ్డాడు. ఆట నియమాల్లో తప్పేమీ లేదు. డొమినిక్ పడ్డ తీరులోనే ఉంది తప్పు. డొమినిక్ మెడ విరిగింది. చేతులు దక్కాయి, కాళ్ళు దక్కలేదు. బెర్నడెట్ ఆ రోజు ఇంట్లో టీవీలో చూస్తోంది. కొడుకు మొహం ఆమెకి కనిపించలేదు. కనిపించిందల్లా ఆ లావుపాటి కుర్రాడు, కిందపడ్డవాడికి అటో కాలూ ఇటో కాలూ వేసి, చేతులు రెండూ బార్లా చాచి, వేటాడిన మృగం మీద నిలుచున్నట్టు నిలుచోవడం. ఆ బొమ్మ దేశమంతా తిరిగింది. దేశం మరిచిపోయింది. ఆమె మరవలేదు.

“ఇక ప్రతి ఆదివారం ఈ ఊళ్ళో వాడి పేరు రాసిన చొక్కాలు వేసుకు తిరుగుతారు,” అంది బెర్నడెట్. “చర్చిలో నా ముందు వరుసలో కూర్చుంటారు. అది నేను చూడాలి. నువ్వు చప్పట్లు కొడతావు.”

“అక్కా, బావ ఉద్దేశం...”

“నువ్వు నోరు ముయ్యి విన్నీ!”

అప్పుడు చక్రాల కుర్చీ చప్పుడైంది. డొమినిక్ వంటింటి గుమ్మంలోకి వచ్చి ఆగాడు. ఇరవై నాలుగేళ్ళవాడు, తల్లి కళ్ళు, తండ్రి దవడ.

“నాన్నని వదిలెయ్యమ్మా. జట్టువాళ్ళు నన్ను అడిగారు.”

“నిన్నా? ఏమని?”

“పోయిన నెల ఫోన్ చేశారు. అతను ఎలాంటి మనిషో నీకన్నా బాగా ఎవరు చెప్పగలరు అన్నారు. ఆలోచించకండి, వేరేవాళ్ళు పట్టుకుపోకముందే తీసుకోండి అన్నాను.”

బెర్నడెట్ స్టవ్ ఆపింది. ఆపి, దాని అంచు పట్టుకునే నిలబడింది. “వాడు ఎలాంటివాడో నీకేం తెలుసురా?”

“రెండేళ్ళుగా వారం వారం మాట్లాడుకుంటున్నాం.”

“నాకు తెలియకుండా, ఈ ఇంట్లో?”

“ఈ ఇంట్లోనే. నువ్వు పనికెళ్ళాక.” డొమినిక్ తల దించుకోలేదు. “అతను ఇవాళ ఊళ్ళోకి వస్తున్నాడు. పత్రికలవాళ్ళ దగ్గరికి వెళ్ళేముందు ఇక్కడికి వస్తానన్నాడు. నేనే రమ్మన్నాను.”

“అయితే ఈ ఇంట్లో నేనుండను.”

ఆమె ఎప్రన్ విప్పి కుర్చీ మీద పడేసి, కోటు తీసుకుని బయటికి నడిచింది. లెనార్డ్ వెంట వెళ్ళబోతే డొమినిక్ తండ్రి చెయ్యి పట్టుకున్నాడు.

ఆమె కారు తలుపు తీస్తుండగానే వీధిలో మరో కారు వచ్చి ఆగింది. అందులోంచి సెమీసి దిగాడు. కొత్త సూటు భుజాల దగ్గర బిగిసిపోయి ఉంది. జట్టువాళ్ళిచ్చిన టోపీ చేతిలో పట్టుకున్నాడు, తలకి పెట్టుకోలేదు. ఆమెని చూడగానే కాలిబాట మీదే ఆగిపోయాడు.

“లోపలికి రానమ్మా,” అన్నాడు. “మీరు రమ్మనేదాకా రాను. వెళ్ళిపోమంటే వెళ్ళిపోతాను.”

అతనికి ఇంత చిన్న గొంతు ఉంటుందని ఆమె అనుకోలేదు. అది ఆమెకి మరింత కోపం తెప్పించింది.

“మా వాడు నీ కింద పడి ఉంటే చేతులు చాచి నిలబడ్డావే! ఏం గెలిచావని? మీ అమ్మ చూసిందా ఆ బొమ్మ? సిగ్గుపడిందా?”

సెమీసి టోపీని నలుపుతూ నేల చూశాడు. అంత మనిషీ కుంచించుకుపోయాడు.

వాకిట్లో కుర్చీ దిగడానికి వేసిన చెక్క వాలు మీద డొమినిక్ ఆగాడు. వెనక లెనార్డ్, విన్సెంట్ ఉన్నారు. “చెప్పు సెమీసీ,” అన్నాడు డొమినిక్. “ఇక చెప్పెయ్.”

“నువ్వు వద్దన్నావు కదా.”

“ఇప్పుడు చెప్పమంటున్నాను.”

సెమీసి బెర్నడెట్ వైపు తిరిగాడు. “నేను లేచేసరికి డొమినిక్ కళ్ళు తెరిచే ఉన్నాడమ్మా. కెమెరా మా మీదికి వస్తోంది. అమ్మ చూస్తోంది, అన్నాడు నాతో. అమ్మకి నా మొహం కనపడనివ్వకు, అన్నాడు. ఏం చెయ్యాలో నాకు తోచలేదు. లావుగా ఉంటాను కదా, అడ్డంగా నిలబడ్డాను. చేతులు చాచాను. డాక్టర్లు వచ్చేదాకా కదల్లేదు.”

“ఈ మాట ఎవరికీ చెప్పలేదేం?” అని అడిగాడు లెనార్డ్.

“ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్తే, చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు సార్. తను భయపడ్డాడని తెలిస్తే అమ్మ తట్టుకోలేదన్నాడు.”

అప్పట్లో ఊరూరా అందరూ ఆ కుర్రాణ్ణి తిట్టారు. మృగమన్నారు. అందరి కన్నా ఎక్కువ తిట్టింది తను. బెర్నడెట్ కారు తలుపు వదిలేసింది. నాలుగడుగులు వేసి అతని ముందు ఆగింది. అతని చేతులు చూసింది. కొడుకుని పడేసింది ఆ చేతులే. తను చూడకుండా దాచిందీ ఆ చేతులే. వాటిని పట్టుకోవాలో, కొట్టాలో ఆమెకి తెలియలేదు. చివరికి రెంటినీ తన మొహానికి ఆనించుకుంది.

“క్షమించండమ్మా,” అన్నాడు సెమీసి.

“అడగాల్సింది నువ్వు కాదు,” అంది ఆమె.

కొడుకు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ బెర్నడెట్ ఏడవలేదు. నర్సులతో పోట్లాడింది, కాలేజీవాళ్ళతో పోట్లాడింది, దేవుడితో పోట్లాడింది. ఎంత ధైర్యమో అని చుట్టాలు మెచ్చుకున్నారు. అది ధైర్యం కాదు, తిట్టుకోవడానికి ఒక మనిషి దొరకడం. ఇప్పుడా మనిషి ఎదురుగా కన్నీళ్ళతో నిలబడ్డాడు, తిట్టడానికి ఏమీ మిగల్లేదు. మిగిలింది నడవలేని కొడుకు ఒక్కడే.

ఆమె వాలు దగ్గరికి వచ్చి కొడుకు ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. వీధి వింటోందన్న బిడియం లేకుండా ఏడ్చింది. లెనార్డ్ ముందుకు రాబోయి ఆగిపోయాడు. విన్సెంట్ గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

“నేను కూడా నీ ముందు ఏడవలేదమ్మా,” అన్నాడు డొమినిక్, ఆమె జుట్టు మీద చెయ్యి వేసి. “నువ్వు అంత కోపంగా ఉంటే, నేను ఏడిస్తే ఏమైపోతావోనని. ఇతనికి ఫోన్ చేసి ఏడ్చేవాణ్ణి.”

ఆ మాటకి ఆమె తలెత్తింది. కొడుకు మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, ఆ రోజు టీవీలో దొరకని మొహాన్ని వెతుక్కుంటున్నట్టు చూసింది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగని మాట అప్పుడు అడిగింది.

“చాలా నొప్పి వేసిందా నాన్నా?”

“లేదమ్మా,” అన్నాడు డొమినిక్. “నొప్పి వెయ్యలేదు. అందుకే భయం వేసింది.”