నాలుగింటికి వెలగని ఊరు

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నవాళ్ళు ఐదుగురు.

తాత గంగులు. మామ్మ జగ్గమ్మ. నాన్న ధనరాజు. అమ్మ రాణి. పక్కింటి బుల్లమ్మత్త ఒంటిగంటకు వచ్చి, అరగంట ఉండి వెళ్ళింది.

ఆరో మనిషి అనూరాధ. వయసు పదహారు. ఇంటర్ మొదటి సంవత్సరం. ఉదయం 11.20కి కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, రికార్డు రాసుకోవడానికి స్నేహితురాలు ఉష ఇంటికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి 3.50.

సరిగ్గా 4.00కి తాత వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అనూరాధ పవర్ బటన్ నొక్కింది.

ఏమీ కాలేదు.

మళ్ళీ నొక్కింది. లోపలి ఫ్యాన్ తిరగలేదు. బీప్ రాలేదు. స్క్రీన్ నల్లగా ఉండిపోయింది.

"ఊరేదమ్మా?" అన్నాడు తాత.

అనూరాధ ఇంకోసారి బటన్ నొక్కి చూసింది.

ఆ పెట్టెలో ఉన్నది నిజంగానే ఒక ఊరు. విమానాశ్రయం కోసం ఖాళీ చేసిన వాళ్ళ పాత ఊరు. కూల్చకముందే ఆమె ప్రతి ఇంటినీ ఫోనుతో ఫొటో తీసింది. వీధిని అడుగులతో కొలిచింది. ఈ కాలనీకి వచ్చాక, విజయనగరం సెకండ్‌హ్యాండ్ షాపుల్లో ఒక్కో పార్టూ ఏరుకొచ్చి కంప్యూటర్ తనే బిగించుకుంది. దాంట్లో నలభై ఒక్క ఇళ్ళూ మళ్ళీ కట్టింది. అన్నీ కలిపి ఎనిమిది నెలలు పట్టింది. బాణం గుర్తు నొక్కితే చాలు, ఆ వీధిలో నడుస్తున్నట్టే ఉంటుంది.

తాతకు మతిమరుపు ముదిరింది. కన్నకొడుకు పేరు పోయింది. తిన్న అన్నం గుర్తుండదు. స్క్రీన్ మీద తన గుమ్మం కనిపించినప్పుడు మాత్రం "అనూ" అని పిలుస్తాడు. రోజు మొత్తంలో ఆ గంటసేపే ఆమె ఆయనకు మనవరాలు.

ఆ ఊరికి ఇంకో కాపీ లేదు.

4.10. అనూరాధ నోట్‌బుక్ తెరిచింది. పేజీ పైన తేదీ, టైము వేసింది. ఎవరినైనా అడగాలంటే ఆమెకు సిగ్గు. రాసుకున్న ప్రశ్నలైతే అడగగలదు.

మొదట నాన్న.

"నాన్నా, ఆ స్విచ్ బోర్డు ముట్టుకున్నావేటి?"

"ముట్టుకున్నాను. పడవ లైటు బేటరీ సార్జింగెట్టినాను."

"ఎన్నింటికి?"

"పన్నెండుకి."

"తీసింది?"

"రెండుకి. ఏటే, పోలీసోలాగ అడుగుతన్నావు?"

నాన్న నవ్వాడు. కానీ ఆమె ముఖంలోకి చూడలేదు.

తర్వాత అమ్మ.

"తడిగుడ్డతో బల్ల తుడిసినాను. పెట్టె మీద కూడా."

"గుడ్డ బాగా పిండినావా?"

"పిండకుండా ఎవులైనా తుడుస్తారేటి?"

"టైము?"

"టైము సూసుకుని తుడుస్తానేటే? అన్నాలకి ముందు."

గోడ అవతల బుల్లమ్మత్త అంట్లు తోముతోంది.

"అత్తా, మా ఇంట్లో ఏ పని మీదొచ్చినావు?"

"మిక్సీ ఆడించుకున్నాను. మా ప్లగ్గు కాలిపోనాది. సేపల కూరకి మసాలా ఉండొద్దేటి?"

"కంప్యూటర్ బోర్డులోనేనా?"

"ఆ బోర్డులోనే. జైల్లో ఎట్టించెయ్యి, ఎస్సయ్యమ్మా! కూరైతే అయిపోనాది, సాచ్చిం కూడా నేదు."

నోట్‌బుక్‌లో మూడు పేర్లు చేరాయి. బ్యాటరీ. తడిగుడ్డ. మిక్సీ. మూడింటిలో దేనివల్లనైనా పవర్ సప్లై పోవచ్చు.

మామ్మ అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తోంది.

"మామ్మా, నువ్వు ఆ గదిలోకెల్లినావా?"

"నేదు."

మామ్మ తలెత్తలేదు. చిన్న కత్తితో దారం కోసింది. తెగిన కొసకు ముడి బిగించింది. తర్వాతి కన్నుకు జరిగింది.

తాతను అడగడానికి ఏమీ లేదు. ఆయన పాదాలకు గుడ్డ కట్లు ఉన్నాయి. ఆల్చిప్ప కోసుకుందని మామ్మ చెప్పింది. ఆయన గది తలుపుకు బయటవైపు కొత్త గడియ కూడా ఉంది. ఆ రెండూ అనూరాధ రాసుకోలేదు.

4.45. పరీక్ష మొదలైంది.

అదే ప్లగ్గులో ఫోన్ చార్జర్ పెట్టింది. ఫోన్ చార్జ్ అయింది. అంటే బోర్డులో తప్పు లేదు. పవర్ సప్లై వెనక స్విచ్ ఆన్‌లోనే ఉంది. కేబుల్ తీసి స్క్రూలు విప్పింది. పక్క రేకు పక్కన పెట్టి, మళ్ళీ కేబుల్ పెట్టింది.

మదర్‌బోర్డు మూలన చిన్న పచ్చలైటు వెలిగింది.

అనూరాధ ఊపిరి పీల్చుకుంది. కరెంటు లోపలి దాకా వస్తోంది. ఏదీ కాలలేదు. ఊరు భద్రంగానే ఉండి ఉండాలి. బ్యాటరీ, తడిగుడ్డ, మిక్సీ మూడింటినీ కొట్టేసింది.

ఇక మిగిలింది బటన్. బటన్ నుంచి మదర్‌బోర్డుకు రెండు సన్నటి తీగలు వెళ్తాయి. ఎరుపు ఒకటి, తెలుపు ఒకటి. వేలితో వాటి వెంట పోయింది.

వేలు సగంలో ఆగింది.

తీగలు తెగి ఉన్నాయి. దగ్గరగా చూసింది. చాలాసేపు చూసింది. నోట్‌బుక్‌లో ఒక్క మాట రాసి మూసేసింది.

రోజూ 5.10కి ఆమె ట్యూషన్‌కు బయలుదేరుతుంది. ఆదివారమైనా సరే. ఆ రోజు వెళ్ళలేదు.

5.25. అందరినీ గదిలోకి పిలిచింది. చేపల కూర గిన్నెతో బుల్లమ్మత్త కూడా వచ్చింది. తాత కుర్చీలోనే ఉన్నాడు.

అనూరాధ కళ్ళు నేలమీదే ఉన్నాయి.

"ఎవులో కావాలనే తీగలు కోసేసినారు."

"ఎలకేమోనే?" అంది అమ్మ, గబుక్కున.

"ఎలకైతే కొరికి ఒగ్గేస్తాది. ఇది కత్తి కోత. ఇన్ని తీగలున్నాయి, ఇంకోటి ముట్టుకోనేదు. ఈ రెండూ కలిస్తేనే ఇది లెగుస్తాదని తెలిసిన మనిషే కోసినారు. నాను బిగించినప్పుడు టార్చిలైటట్టుకుని పక్కన కూకున్న మనిషి."

అనూరాధ తెగిన తీగలను వేళ్ళతో పైకెత్తి చూపించింది.

"నాలుగు కొసలకీ నాలుగు ముడులున్నాయి. కరెంటు తీగకి ముడెయ్యక్కర్లేదు. తెగిన కొస కనబడితే ముడెయ్యకుండా ఒగ్గలేని సెయ్యి ఈ ఇంట్లో ఒకటే ఉన్నాది."

మామ్మ తన చేతుల వైపు చూసుకుంది.

"ఎందుకు మామ్మా?"

మామ్మ వెళ్ళి తాత కుర్చీ పక్కన నిలబడింది.

"తాతకి నాను గురుతుండడం నీకిష్టం నేదేటి?"

"అనూ!" అన్నాడు నాన్న.

అప్పటికే అనూరాధ స్క్రూడ్రైవర్ తీసింది. బటన్ లేకపోయినా పర్వాలేదు. ముడివేసిన తీగల కొన ఊడదీసి, మదర్‌బోర్డు మీద అవి చేరే రెండు పిన్నులనూ దాని మొనతో ఒక్క క్షణం తాకించింది.

ఫ్యాన్ తిరిగింది. బీప్ వచ్చింది. 5.31కి స్క్రీన్ మీద ఇసుక వీధి పరుచుకుంది. నీలం రంగు తలుపు వచ్చి ఆగింది.

తాత ముఖం విప్పారింది.

"అనూ! అదిగోనే, మన గుమ్మం!"

అనూరాధకు ఏడుపొచ్చింది. గెలిచానని మామ్మ వైపు తిరిగింది.

మామ్మ తాతనే చూస్తోంది.

తాత లేచాడు. కుర్చీ మీది తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"జగ్గీ, పద. వలలు ఎండలో ఒగ్గేసినాం. బేగి రా."

కట్లతోనే గడప దాటాడు. వాకిలి దాటబోయాడు. మామ్మ పరుగెత్తి నడుం పట్టుకుంది. ఆయన విదిలించుకున్నాడు. నాన్న వెళ్ళి రెండో వైపు పట్టుకున్నాడు. కట్టు మీద ఎర్రగా తడి పైకి వచ్చింది.

"తొమ్మిది రోజులబట్టి ఇదే," అన్నాడు నాన్న. "నువ్విలగ ట్యూసనుకెల్తావు, తాత అలగ ఊరికి బయలెల్తాడు. ఎయిర్‌పోర్టు కంచె కాడ ముళ్ళల్లోంచి లాక్కొస్తన్నాం. నిన్న హైవే మీద లారీవోడు బ్రేకెయ్యకపోతే..."

"మరి నాకెందుకు సెప్పనేదు?"

"ఎలగ సెప్తామే?" అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎనిమిది నెల్లు కట్టుకున్నావు."

మామ్మ తాతను వదలకుండానే మాట్లాడింది.

"పగలగొట్టేద్దామని రాయెత్తినానే. సెయ్యి రానేదు. ఎప్పటికైనా అతికించుకుంటావని రెండు పోగులే కోసినాను. కొసలు పాడవకుండా ముడేసినాను."

కట్లు. బయటి గడియ. రాసుకోని రెండు ఆధారాలూ ఇప్పుడు ఆమె ఎదుటే ఉన్నాయి.

తాత ఇంకా స్క్రీన్ వైపే చెయ్యి చాపుతున్నాడు.

"అనూ, నువ్వైనా సెప్పే. ఇల్లక్కడుంటే నన్నిక్కడ అట్టుకుంతారేటి?"

అనూరాధ గోడ దగ్గరికి నడిచింది. ప్లగ్గు స్విచ్ మీద వేలు పెట్టింది. తాత ముఖం వంక ఒకసారి చూసింది.

స్విచ్ ఆపేసింది.

నీలం తలుపు పోయింది. ఇసుక పోయింది. ఫ్యాన్ మెల్లగా ఆగింది. టైము 5.38.

తాత చెయ్యి కిందికి దిగింది. చుట్టూ చూశాడు. కొత్త ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినవాడిలా ఒదిగి నిలబడ్డాడు. ఆయన చూపు అనూరాధ దగ్గర ఆగింది.

"ఎవులమ్మా నువ్వు? ఊరేదమ్మా?"

మామ్మ ఆయన్ని నడిపించుకుంటూ గదిలోకి తీసుకెళ్ళింది. అనూరాధ వెనకే వెళ్ళింది.

"మామ్మా, నానూ తాత కాడ కూకుంటాను. కట్టు మారుస్తాను."

"ఒద్దే గుంటా."

"కంప్యూటర్ ఇంకెప్పుడూ ఎయ్యను."

"నీ పేరు పోనాది గాని, నీ మొకం సూస్తే ఊరు అడుగుతన్నాడే," అంది మామ్మ. ఆమె గొంతులో కోపం లేదు. ముడులు వేసిన చేత్తోనే అనూరాధ చెంప తుడిచింది.

ఆ చేత్తోనే తలుపు వేసింది.