పొగ తాగితేనే పది నిమిషాలు

"ఆడపిల్లవి, నీకెందుకు ఈ పాడు అలవాటు?"

అన్నది నేనే. ఆ మాట అనేటప్పుడు నా నోట్లో వెలుగుతున్న సిగరెట్ ఉంది, చెవి మీద ఇంకోటి రెడీగా ఉంది. సిగ్గులేనితనానికైనా ఒక హద్దుండాలి. నాకు లేదు.

బయట వాన. ఫ్యాక్టరీ వెనకాల రేకుల షెడ్డు. ఆ కొత్తమ్మాయి అడిగింది అగ్గిపెట్టె. నేనిచ్చింది నీతిబోధ.

ఆమె నన్ను కాళ్ళ దగ్గర్నుంచి తలదాకా చూసింది. "నోట్లోది తీసి మాట్లాడు. పొగలో మాట సరిగ్గా వినపడలేదు."

షెడ్డులో ఉన్న నలుగురూ పగలబడి నవ్వారు. నా మొహం మాడిపోయింది. గమ్మున అగ్గిపెట్టె ఇచ్చాను.

మాది అట్టపెట్టెల ఫ్యాక్టరీ. ఎవరి పేరూ ఎవరికీ పట్టదు. ఏ మిషన్ ముందు నిలబడితే అదే నీ పేరు. నేను కటింగ్. ఆమె స్టిచింగ్, అంటే పెట్టెలకి ఇనప పిన్నులు కొట్టే మిషన్. మూల బల్ల దగ్గర జిగురు పూసే పెద్దాయన పేస్టింగ్. ఆయన ఆమెకి సొంత మేనమామ. షెడ్డులో మామా మేనకోడలూ చెరో మూల కూర్చుని తాగేవాళ్ళు. ఇంటికెళ్ళాక అత్త ముందు ఇద్దరూ మహా బుద్ధిమంతులు.

"నిజంగా అడుగుతున్నాను, ఎందుకు మొదలెట్టావు?" అన్నాను రెండో రోజు, ఈసారి నోట్లోది తీసి.

"కూర్చోడానికి."

"అంటే?"

"ఎనిమిది గంటలు నిలబడి పిన్నులు కొట్టాలి. కాళ్ళు లాగేస్తున్నాయి, ఐదు నిమిషాలు కూర్చుంటా సార్ అని సూపర్‌వైజర్ని అడిగా. 'సిగరెట్ తాగుతావా? తాగవుగా? మరి బయట నీకేం పని?' అన్నాడు. మర్నాడు ప్యాకెట్ కొన్నా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే అది అక్షరాలా నిజం. ఫ్యాక్టరీ నిండా అట్ట, కాగితం, జిగురు. పొగరాయుళ్ళు చాటుగా ఏ బాత్రూమ్‌లోనో వెలిగిస్తే మొత్తం తగలబడుతుందని ఓనరుకి భయం. అందుకని వాళ్ళకి పూటకి పది నిమిషాలు షెడ్డు. తాగనివాళ్ళతో ఆ భయం లేదు, కాబట్టి వాళ్ళకి విశ్రాంతీ లేదు. పాడలవాటు లేకపోవడమే వాళ్ళు చేసిన నేరం! నాలుగేళ్ళుగా ఆ షెడ్డులో కాళ్ళు చాపుకుని కూర్చున్న నాకు, ఈ సంగతి ఒక్కసారైనా తట్టిందా? లేదు. కడుపు నిండినవాడికి ఏం తడుతుంది?

ఆ తర్వాత ఆరు నెలలు నేను బతికింది ఆ పది నిమిషాల్లోనే. ఆమె దెబ్బలాడేది. సూపర్‌వైజర్ నడకని వెక్కిరించేది. వాన జల్లు కొడితే కుర్చీ నా వైపు జరిపేది. "నీ కోసం కాదు, తడుస్తానని," అనేది. వాన లేని రోజున కూడా ఒకసారి జరిపింది. అడగలేదు నేను. అడిగితే వెనక్కి జరుగుతుందని భయం.

ఒక సోమవారం వచ్చి, ప్యాకెట్ నలిపి నేలకేసి కొట్టింది.

"నిన్న సెలవు. ఇంట్లో కూర్చునే ఉన్నాను. కావలసినంతసేపు కూర్చోవచ్చు. అయినా చెయ్యి దీని కోసం వెతుకుతోంది! పది నిమిషాల కోసం కొన్నాను దీన్ని. ఇప్పుడు నా ఆదివారం కూడా ఇదే తినేస్తోంది. మానేస్తున్నా."

"నేను కూడా," అన్నాను వెంటనే.

"నువ్వెందుకు?"

"ఊపిరితిత్తుల కోసం," అని అబద్ధం చెప్పాను.

మేనమామ దగ్గుతూ చెయ్యెత్తాడు. "నన్నూ వేసుకోండి. ఛాతీ ఆస్పత్రిలో నర్సమ్మ చెప్పింది, యావ పుడితే ఐదు నిమిషాలు ఓర్చుకో, అదే పోతుంది, కానీ ఒక్కడివే ఓర్చుకోకు, ఎవరికైనా చెప్పు అని. ఈ మిషన్ల మోతలో ఎవడికి చెప్పుకోను?"

"చెప్పక్కర్లేదు మావయ్యా," అంది ఆమె. "చెయ్యి ఎత్తు. చూసినవాళ్ళు తిరిగి ఎత్తాలి. అంతే."

అదే మా ఒప్పందం. యావ పుడితే ఎడం చెయ్యి పైకి. మిగతా ఇద్దర్లో ఎవరు చూసినా చెయ్యెత్తి, 'ఉన్నా, ఓర్చుకో' అన్నట్టు చూడాలి. మొదటి వారం నరకం. తల పగిలిపోయేది, పళ్ళు నూరేవాణ్ణి, అట్ట వంకరగా కోసేవాణ్ణి. చెయ్యెత్తగానే హాలుకి అటు చివర, పిన్నుల వాన మధ్య, ఒక చిన్న అరచెయ్యి లేచేది. దాన్ని చూస్తూ ఐదు నిమిషాలు నిలబడేవాణ్ణి. నర్సమ్మ చెప్పింది నిజమే, యావ పోయేది. ఆ చెయ్యి చూడాలన్న కోరిక మాత్రం పోయేది కాదు.

ఇంతలో సూపర్‌వైజర్ దిగాడు. "మానేశారటగా? శభాష్. అయితే ఇంక షెడ్డుతో పనేముంది? మిషన్ల మీదే ఉండండి."

చూశారా న్యాయం! ఊపిరితిత్తులు పాడుచేసుకుంటే విశ్రాంతి. బాగుచేసుకుంటే శిక్ష. పన్నెండో రోజుకి ఆమె కాళ్ళు వాచిపోయి చెప్పులు పట్టలేదు. ఉత్త కాళ్ళతో నిలబడి పిన్నులు కొడుతోంది. నాకు కళ్ళెర్రబడ్డాయి.

అర్జీ రాద్దామనుకున్నాను. అందరికీ పది నిమిషాల బ్రేకు, ప్రతి మిషన్ దగ్గరా ఒక స్టూలు. సంతకాలు కావాలంటే నలుగురితో మాట్లాడాలి. పనివేళలో మాట వినపడే చోటు షెడ్డు ఒక్కటే. షెడ్డుకి టిక్కెట్టు సిగరెట్. ఒకటి అడిగి తీసుకుని వెళ్ళి, అక్కడ వెలిగించాను. తాగడానికి కాదు, చేతిలో ఊరికే కాలుతూ ఉండడానికి.

షెడ్డు వీరులు ఒక్కడూ సంతకం పెట్టలేదు. "మాకుందిగా బ్రేకు. అందరికీ ఇమ్మంటే మాది కూడా కోసేస్తారు," అన్నారు. మండిపోయింది. ఆ మంటలో చేతిలోది నోటికి పోయింది. ఒక్క దమ్ము.

సరిగ్గా అప్పుడే అట్ట తుక్కు గంప ఎత్తుకుని ఆమె తలుపు దగ్గరికొచ్చింది.

 గంప కింద పెట్టింది. వెళ్ళిపోయింది.

మర్నాడు నిజంగానే యావ పుట్టింది. చెయ్యెత్తాను. ఆమె చూసింది. తల దించి పిన్నులు కొట్టుకుంది. మూల నుంచి మేనమామ జిగురు చెయ్యి ఎత్తాడు పాపం. కానీ ఆయన చెయ్యి, ఆమె చెయ్యి ఒకటేనా? ఆ ఐదు నిమిషాలూ యాభైలా గడిచాయి.

మూడో రోజు భోజనాల వేళ, మిషన్లు ఆగగానే ఆమె ముందుకెళ్ళి నిలబడ్డాను.

"ఒక్క దమ్ము లాగాను. అబద్ధం చెప్పను."

"లాగినందుకు కాదు నా కోపం. జారితే జారావు, నేను మాత్రం జారనా? చెయ్యి ఎత్తకుండా లాగావు. నేను ఇక్కడ ఉండగా!"

"నీ కోసమే వెళ్ళాను షెడ్డుకి. ఇదిగో." అర్జీ చేతిలో పెట్టాను.

చదివింది. ఆమె మెత్తబడుతుందని, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయని అనుకున్నాను. వెర్రివాణ్ణి.

"ఇది నా కాళ్ళ గురించేనా?"

"అవును."

"నా కాళ్ళ గురించి రాసి, నా సంతకం అడగలేదేం?"

గబగబా పెన్ను తీశాను. ఆమె వదల్లేదు.

"బ్రేకు ఉన్నవాళ్ళ దగ్గరికెళ్ళి, లేనివాళ్ళ కోసం సంతకం పెట్టమని అడిగావా? తెలివంటే నీదేరా బాబూ! ఈ హాల్లో తాగేవాళ్ళు పదిమంది. తాగనివాళ్ళు అరవై. వాళ్ళ మొహం ఎప్పుడైనా చూశావా?"

చూడలేదు. నాలుగేళ్ళు అదే హాల్లో ఉండి చూడలేదు. ఆమె కాగితం లాక్కుని పోయింది. మొదటి సంతకం తనది, రెండోది మేనమామది. సాయంత్రానికి వెనక పక్క కూడా నిండిపోయింది.

సూపర్‌వైజర్ దాన్ని నాలుగుగా చించి తుక్కు గంపలో పడేశాడు. "పని చూడండి."

మర్నాడు పదకొండింటికి, ఆమె మిషన్ ఆపింది. ఎడం చెయ్యి ఎత్తింది.

నేను నాది ఆపాను. ఎత్తాను. మేనమామ బ్రష్షు కింద పెట్టి ఎత్తాడు. ఆ పక్కన ప్రింటింగ్ వరస, ఆ వెనక ప్యాకింగ్ అమ్మలక్కలు. ఒక్కొక్క మిషనూ ఆగుతుంటే, నాలుగేళ్ళలో మొదటిసారి పనివేళలో ఆ హాల్లో వాన చప్పుడు వినపడింది.

సూపర్‌వైజర్ పరిగెత్తుకొచ్చాడు. "ఏంటిది? ఏమైంది మీకు?"

"యావ పుట్టింది సార్," అన్నాడు మేనమామ వినయంగా. "కాసేపు ఓర్చుకుంటే పోతుందట."

"దేని యావ?"

"కూర్చోవాలని."

పై గదిలో ఓనరు మోతకి ఎప్పుడూ లేవలేదు. నిశ్శబ్దానికి లేచాడు. మెట్లు దిగి వచ్చాడు, లేచిన చేతులు చూశాడు, ఆమె వాచిన కాళ్ళు చూశాడు. దయ పుట్టిందని నేను అనను. ఆగిన మిషన్లు చూశాడు, అదీ సంగతి. సరే అనడానికి అరగంట పట్టింది. అందరికీ పది నిమిషాలు, రెండు పూటలా. వారంలో స్టూళ్ళు.

స్టూళ్ళు వచ్చిన రోజు. పదకొండైంది. మిషన్లు ఆగాయి. అటు చివర ఆమె స్టూలు మీద కూర్చుని కాళ్ళు చాపింది. మహారాణి కూడా అలా కూర్చోదు.

నేను చెయ్యి ఎత్తాను.

"మళ్ళీ లాగుతోందా?" అని అరిచింది. మోత లేదు, అరవక్కర్లేదు. అలవాటు.

"సిగరెట్ కాదు."

"మరి?"

హాలు హాలంతా నా వైపు తిరిగింది. మొహం మాడుతుందో వెలుగుతుందో తెలీని స్థితి. "నువ్వు. ఆరు నెలలు దాటింది. ఐదు నిమిషాల్లో పోతుందన్నారు, పోవట్లేదు."

ప్యాకింగ్ అమ్మలక్కలు ఈల వేశారు. ఆమె కళ్ళు చిట్లించి చూసింది, మొదటి రోజు చూసినట్టే, కాళ్ళ దగ్గర్నుంచి తలదాకా.

"ఊపిరితిత్తుల కోసం మానేశానన్నావు?"

"అబద్ధం."

"తెలుసు." నెమ్మదిగా ఎడం చెయ్యి ఎత్తింది. "అంతకుముందు వాన లేకుండా కుర్చీ ఎందుకు జరిపాననుకున్నావు, మొద్దు మొహమా?"

మేనమామ గొంతు సవరించుకున్నాడు. దగ్గు కాదు, ఈమధ్య ఆయన దగ్గు తగ్గింది. "ఇది ఓర్చుకుంటే పోయే రకం కాదులే. సాయంత్రం మీ అత్తతో నేను మాట్లాడతా. కాకపోతే అబ్బాయి షెడ్డులో పరిచయమయ్యాడని చెప్పకండిరా, నా కొంప మునుగుతుంది."

"ఎందుకు చెప్పం? మొత్తం చెప్తాం," అంది ఆమె. "నేను తాగాను, మానేశాను. ఇందులో దాచేదేముంది?" చెయ్యి దించకుండానే నా వైపు తిరిగింది. "ఏయ్ కటింగ్. సాయంత్రం ఇంటికి రా. వచ్చేటప్పుడు ఒక తెల్లకాగితం పట్టుకురా."

"దేనికి?"

"ఈ స్టూళ్ళకి వీపు ఆనడానికేమీ లేదు. రెండో అర్జీ రాయాలి. ఈసారి మొదటి సంతకం ఎవరిది?"

"నీది," అన్నాను.

"ఇప్పుడు చెయ్యి దించుకో," అంది, తనది మాత్రం దించకుండా.