ఎవరిదీ కాని బరువు

డోన్ దాటినాక రైలు పట్టాల మీదుగా కడుతున్న వంతెన దగ్గర ఆ సాయంత్రం అన్నీ మామూలుగానే ఉన్నాయి. గేటు పక్క బంకులో మిరపకాయ బజ్జీలు వేగుతున్నాయి. పగలంతా కాలిన నాపరాళ్ల దుమ్ము ఇంకా వేడి వాసన కొడుతోంది. పొద్దుగూకే వేళ రైళ్లు ఆపుతారు. ఆ కాస్త వ్యవధిలోనే సిమెంటు గర్డరును, అంటే వంతెన దూలాన్ని, లేపి స్తంభాల మీద కూర్చోబెట్టాలి.

సబ్ కాంట్రాక్టరు రాజశేఖర్ కాలు నిలవక తిరుగుతున్నాడు. విజిలు వేసుకునే మనిషి దొరకలేదు.

క్రేను పనిలో ఒక కట్టుబాటు ఉంది. విజిలు ఎవడి మెడలో ఉంటే బరువు వాడిది. వాడు ఊదితేనే లేస్తుంది, వాడు ఊదితేనే దిగుతుంది. పోయిన నెల అది బొజ్జన్న మెడలో ఉండేది. పోగులు తెగిన వైరు రోపుతో ఎత్తొద్దని మొత్తుకున్నాడు. "ఈ ఒక్క దినం కానీయప్పా" అన్నాడు రాజశేఖర్. రోపు తెగింది. బొజ్జన్నకు ముఖం కూడా మిగల్లేదు.

అసలు సిగ్గులేనితనం ఆ తర్వాతే మొదలైంది. పని సబ్ కాంట్రాక్టరుకు ఇచ్చేశామంది పెద్ద కంపెనీ. క్రేను బాడుగది, నాది కాదన్నాడు రాజశేఖర్. బండి నాదేగానీ పని నాది కాదన్నాడు క్రేను ఓనరు. చివరకు అందరూ కూడబలుక్కుని, విజిలు ఊదినవాడిదే తప్పని, తాగి ఊదాడని తేల్చారు. చచ్చినవాడు ఎదురు చెప్పడు కదా! లాభం పంచుకునేటప్పుడు అందరికీ చేతులుంటాయి. శవం మోసేటప్పుడు ఒక్కడికీ ఉండవు.

బొజ్జన్న పెళ్లాం ఈరక్క రోజూ వచ్చి గేటు దగ్గర కూర్చుంటోంది.

"శేఖరప్పా, తప్పు నా మొగునిది కాదని పోలీసుల కాడ ఒక్క మాట చెప్పప్పా. తాగి చచ్చినాడని నా బిడ్డను బడిలో ఎగతాళి చేస్తాండారు."

"నాకు సంబంధం లేదు. పోమ్మా."

"నీకు లేదు, వాళ్లకు లేదు. అంత బరువు దానంతటదే ఎగిరిందా?"

అతను ముఖం తిప్పుకున్నాడు. "కాశన్నా, ఎత్తు!"

క్రేను నడిపే కాశన్న తల బయట పెట్టాడు. "విజిలు యాడ సామీ? మీరే వేసుకోండి."

"నేనెందుకు వేసుకుంటా? రేపు ఏమన్నా అయితే?"

"అట్లయితే గాలికి వెయ్యండి మెడలో!"

రోపులు చూద్దామని రాజశేఖర్ గర్డరు దగ్గరకు నడిచాడు. అంతలో నిజంగానే గాలి లేచింది. ఎర్రటి దుమ్ము సుడి తిరిగి పొద్దును మింగేసింది. బంకు లేదు. గేటు లేదు. కళ్ల ముందు చెయ్యి కూడా లేదు. గ్రీజు వాసన... దాని కింద పచ్చి నెత్తురు వాసన.

విజిలు మోగింది.

పొడుగ్గా, ఒక్కటే ఊపు. గర్డరు కిర్రుమంటూ లేచింది. అతని నెత్తిమీదికి వచ్చి ఆగింది. పరుగెత్తబోయాడు... కాళ్లు రాలేదు.

చెవి పక్కన ఎవరో గొణిగారు.

"ఈ బరువు ఎవరిది సామీ?"

"నా... నాది కాదు."

గర్డరు మూరెడు దిగింది.

"ఎవరిది?"

"కంపెనీది... క్రేను వాళ్లది... నాకు సంబంధం..."

ఇంకో మూర. చల్లటి సిమెంటు వెంట్రుకలను తాకింది. కూలబడ్డాడు. అదీ దిగింది. మెడ వంగింది... ఇంకా వంగింది...

"నాదే! బొజ్జన్న వద్దన్నాడు... నేనే ఎత్తమన్నా... నాదే!"

అంతా ఆగిపోయింది. గాలి కూడా.

రాజశేఖర్ పాకుతూ బయటపడ్డాడు. గేటు దగ్గర ఈరక్క పక్కన కాశన్న నిలబడి ఉన్నాడు. క్రేను తాళంచెవి అతని చేతిలోనే ఉంది.

"దుమ్ము రాగానే బండి ఆపి దిగేసినా సామీ. నేను ఎత్తలేదు." "మీరు అరిచింది మాత్రం అందరం విన్నాం."

"పా, ఈరక్కా. పోలీసుల కాడికి పోదాం" అన్నాడు రాజశేఖర్.

అప్పుడే పెద్ద కంపెనీ మేనేజరు కారు వచ్చి ఆగింది. ఆయన దిగలేదు. అద్దం దించాడు. ఈరక్క లేచి అదే అడిగింది, నా మొగుని చావు బరువు ఎవరిదని.

"మా కంపెనీకి దీంతో ఏ సంబంధమూ లేదమ్మా."

రాజశేఖర్ కారు దగ్గరికి ఉరికాడు. "సార్, అట్లనొద్దు! మీదేనని చెప్పండి సార్!"

మేనేజరు విసుగ్గా అద్దం ఎక్కించుకున్నాడు.

గర్డరు అల్లంత దూరాన, కదలకుండా వేలాడుతోంది. ఇక్కడ కారు పైకప్పు మెల్లగా లోపలికి కుంగసాగింది. దాని మీద ఏమీ లేదు.