సున్నా నొక్కితే ఆగే ఫోను

2007 డిసెంబర్ 18, మంగళవారం. పొద్దుటి నుంచీ మంచు విడవలేదు. చెరుకు ఆడే రోజులు కాబట్టి బోధన్ గాలి నిండా మొలాసిస్ కంపు. నలభై ఏళ్లు పీల్చినవాళ్లకూ ఒంటబట్టని కంపు అది. సరే, ఆ సంగతి వదిలేద్దాం.

చెరుకు కాటా వెనక గల్లీలోకి చీకటి పడ్డాక ఎవరూ పోయేవారు కాదు. అక్కడ సాయవ్వ ఇల్లుంది. ముసలామె పోయి ఇరవై రోజులు. ఇంటికి తాళం... అయినా రోజూ రాత్రి ఎనిమిదింటికి ఆ ఇంట్లోంచి ఆమె అన్న కొడుకు లింబాద్రికి ఫోను వచ్చేది. ఎత్తితే మాట ఉండదు. బుస్... బుస్... ఆయాసంతో పోయిన మనిషి ఊపిరిలాగే.

ఆ రోజు లింబాద్రి పిలిస్తే, కరెంటు పనులు చేసే హనోకుకు అక్కడికి పోవలసి వచ్చింది. సాయవ్వ మంచం పక్కన బటన్, గోడకు అలారం పెట్టె బిగించింది అతనే. బటన్ నొక్కితే పెట్టె లింబాద్రికి ఫోను చేస్తుంది. అతను ఎత్తి సున్నా నొక్కేదాకా విడవకుండా చేస్తూనే ఉంటుంది. “ఆమె సచ్చిన రాత్రి ఫోనే రాలే. హనోకు పెట్టె ఖరాబున్నది” అని లింబాద్రి ఊరంతా చాటాడు. అప్పట్నుంచి హనోకును ఎవరూ పనికి పిలవడం లేదు.

లింబాద్రి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని గుమ్మం బయటే నిలబడ్డాడు.

“వైరు కోసి పో,” గుసగుసగా అన్నాడు.

“సూడకుంట ఎట్ల కోస్త, లింబాద్రన్నా?”

“ఏం సూస్తవ్? ముసల్ది సచ్చి గూడ నన్ను ఇడుస్తలేదు...”

సాయవ్వకు పదకొండేళ్లు చాకిరీ చేసిన ఎల్లవ్వ కందిలి దీపం పట్టుకొని ముందు నడిచింది. “పైలం బిడ్డా,” అంది.

వెనక గదిలో మూత్రం కంపు. పెట్టె నిండా బల్లి రెట్టలు. సరిగ్గా ఎనిమిదింటికి — కరెంటు పోయింది. పెట్టె మీద ఎర్రదీపం వెలిగింది. టక్... టక్... దానంతట అదే నంబరు కలిపింది. బయట లింబాద్రి జేబులో సెల్లు మోగింది!

“యేసయ్యా...” అంటూ హనోకు గోడకు అతుక్కున్నాడు.

మరుక్షణమే నవ్వొచ్చింది. కరెంటు పోయిందని చెప్పడానికి పెట్టె చేసే ఫోను అది! రోజూ కోత ఎనిమిదింటికే. ఆ బుస కూడా దయ్యానిది కాదు. ముందు గదిలో లింబాద్రి నెట్ సెంటర్ పెట్టి, అదే ఫోను లైనుకు బ్రాడ్‌బ్యాండ్ తెచ్చాడు. లైన్లో రొద రాకుండా అలారానికి వేరే ఫిల్టర్ పెట్టాలని హనోకు చెబితే “ముసల్దానికి గా ఫిల్టరొక్కటి తక్కువైందా?” అన్నాడు. ఇంటికి తాళం పడ్డా ఇన్వర్టర్ మీద మోడెం ఇంకా నడుస్తూనే ఉంది. దాని రొదే లైన్లో బుసలు కొడుతోంది.

“దయ్యం లేదు, గియ్యం లేదవ్వా,” అంటూ హనోకు పెట్టెలోని పాత కాల్స్ ఒక్కొక్కటే వెనక్కి జరిపాడు. నవంబర్ 28 రాత్రి దగ్గర... వేలు ఆగిపోయింది.

బటన్ నొక్కింది — ఏడుసార్లు. ఫోను పోయింది — ఏడుసార్లు. ప్రతిసారీ అవతల ఎత్తారు. ప్రతిసారీ... సున్నా నొక్కారు.

లింబాద్రి ఉండే ఇల్లు మూడు గల్లీల అవతలే. హనోకు బయటికొచ్చాడు. అప్పుడే లింబాద్రి మోగుతున్న సెల్లు ఎత్తాడు. బుస్... బుస్... అతని బొటనవేలు దానంతట అదే సున్నా మీదికి పోయింది.

“గా రాత్రి గూడ గిట్లనే నొక్కినవా అన్నా? ఏడుసార్లు?”

లింబాద్రి రుమాలు జారిపడింది. వంగి తీసుకోలేదు.

ఇల్లూ, చెరుకు పొలమూ లింబాద్రికే వచ్చాయి. వెండి కడియాలు అతని భార్యకు పోయాయి. పెట్టెను హనోకు విప్పి తెచ్చుకున్నాడు, అడిగినవాళ్లకల్లా ఆ ఏడు సున్నాలూ చూపిస్తాడు. ఎల్లవ్వకు ముసలామె కప్పుకున్న పాత గొంగడి కూడా దక్కలేదు.