ఖాళీగా వదిలిన రెండో గడి

పెనం మీద గుడ్లు వేస్తూ వెర్నా వంటింటి కిటికీలోంచి చూసింది. ముందురోజు గాలికి గేటు దగ్గర రెండు ఎన్నికల అట్టలూ కూలిపోయాయి. ఇప్పుడు 'డెల్బర్ట్ హోస్కిన్స్' అట్ట నిటారుగా నిలబడి ఉంది. 'కొరీన్ హోస్కిన్స్' అట్ట మాత్రం బురదలో బోర్లా పడుకునే ఉంది.

మెర్రిడేల్ గాలి సామాన్యమైంది కాదు. ఒక ఏడు పాదిరిగారి టోపీ ఎగిరిపోతే, మూడు కౌంటీల అవతల దానికి పెళ్ళయి పిల్లలు కూడా పుట్టారని చెప్పుకుంటారు. ఎంత గాలైతేనేం, తండ్రి అట్టని లేపి కూతురి అట్టని వదిలేసేంత తెలివి దానికెక్కడిది?

"కూతురి అట్ట దగ్గరికొచ్చేసరికి నడుం పట్టేసిందా, డెల్?" అంది గుడ్లు మొగుడి ముందు పెడుతూ.

"తను పోటీలో ఉన్న మనిషి. తన అట్ట తనే లేపుకోవాలి," అన్నాడు డెల్బర్ట్, మిరియాల పొడి చల్లుకుంటూ.

ఈ మాటకి ఏం జవాబు చెప్పాలో వెర్నాకి తెలుసు గానీ, చేతిలో వేడి పెనం ఉందని ఊరుకుంది.

డెల్బర్ట్ ఇరవై నాలుగేళ్ళుగా ఆ ఊరి స్కూలు బోర్డులో సభ్యుడు. ఏడుగురు సభ్యుల బోర్డది. టీచర్లని పెట్టుకోవాలన్నా, పన్ను పెంచాలన్నా, స్కూలుకి తాళం వెయ్యాలన్నా వాళ్ళ చేతులు లేవాల్సిందే. ఈసారి రెండు స్థానాలకి ఎన్నిక. ఒక్కో ఓటరు ఇద్దరి పేర్ల పక్కన గడి నింపొచ్చు. నిలబడింది ముగ్గురు. ఒకడు డెల్బర్ట్. రెండోవాడు రాండల్ పైక్. సగం కౌంటీ పొలాలు అతనివే. స్కూలు పన్ను దండగనీ, పెద్ద స్కూలూ చిన్న స్కూలూ రెండూ మూసేసి పిల్లల్ని ఇరవై రెండు మైళ్ళ దూరంలో ఉన్న గ్రిస్కోకి బస్సులో తోలేస్తే సరిపోతుందనీ అతని వాదం. మూడో మనిషి డెల్బర్ట్ సొంత కూతురు కొరీన్.

పశువుల డాక్టరు దగ్గర పని చేసే కొరీన్ పెరడు అవతలి చిన్న ఇంట్లో ఉంటుంది. మొగుడు లారీ మీద దేశాలు తిరుగుతుంటాడు. పదేళ్ళ కూతురు టెస్ చిన్న స్కూల్లో చదువుతోంది. పెద్ద స్కూల్లో ముప్పై ఎనిమిది మందే మిగిలారు కాబట్టి వాళ్ళని గ్రిస్కోకి పంపి, ఆ మిగిలిన డబ్బుతో చిన్న పిల్లల స్కూలు ఊళ్ళోనే నిలబెట్టాలని కొరీన్ అంటుంది. రెండూ ఊళ్ళోనే ఉండి తీరాలంటాడు తండ్రి. గ్రిస్కో పేరు వింటే ఆయనకి ఒళ్ళు మంట. కుర్రతనంలో ఫుట్‌బాల్ ఆటలో వాళ్ళు తొండి చేశారట. నలభై తొమ్మిదేళ్ళయింది. కథ చెప్పిన ప్రతిసారీ గ్రిస్కో ఆటగాళ్ళు ఓ అంగుళం ఎత్తు పెరుగుతారు. ఇప్పటికి వాళ్ళు గుమ్మంలో పట్టనంత అయ్యారు.

శనివారం సాయంత్రం అగ్నిమాపక దళం వాళ్ళ పాన్‌కేకుల విందు జరిగింది. డెల్బర్ట్ బల్లబల్లకీ వెళ్ళి, ఓటు కాగితం మీద తన గడి ఒక్కటే నింపి రెండోది ఖాళీగా వదిలెయ్యమని చెప్పొచ్చాడు. ఆ మాట విన్న కొరీన్ స్నేహితులు మండిపడి, వాళ్ళ వాళ్ళకి కొరీన్ గడి ఒక్కటే నింపమని చెప్పారు. ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనానికి కూర్చునేసరికి ఊరంతా ఇదే మాట.

కొరీన్ ఫోర్కు కింద పెట్టింది. "నాన్నా, నిన్న బల్లల దగ్గరికెళ్ళి అందరికీ ఏం చెప్పావు?"

"పాన్‌కేకులు మాడిపోయాయని చెప్పాను."

"రెండో గడి వదిలెయ్యమన్నావు. పైక్‌కి వెయ్యొద్దనా, నాకు వెయ్యొద్దనా?"

"నేను నీ పేరే ఎత్తలేదు."

"ఎత్తలేదనే కదా నా ఏడుపు."

అప్పుడు డెల్బర్ట్ గొంతు పెంచాడు. స్కూలుని తను ఇన్నేళ్ళు రెక్కల కింద పెట్టి కాపాడితే, దాని తలుపు మూయించడానికి తన ఇంట్లోంచే మనిషి బయల్దేరిందన్నాడు. కొరీన్ కూడా తగ్గలేదు. కెమిస్ట్రీ చెప్పే టీచరు లేక మూడేళ్ళయిందనీ, పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుని ఎక్కడో ఉన్న మనిషి దగ్గర పాఠం వింటున్నారనీ, పెద్ద స్కూల్లో ఇప్పుడు మిగిలింది గోడలూ ఫుట్‌బాల్ కప్పులేననీ చెప్పింది. "నీ పంతానికి స్కూలని పేరు పెట్టుకున్నావు నాన్నా," అంది.

టెస్ తాతకేసీ తల్లికేసీ చూసి, తన పళ్ళెం తీసుకుని ముందు గదిలోకి జారుకుంది. వెర్నా ఆలుగడ్డల గిన్నె బల్ల మీద దించింది. దించిందంటే ఊళ్ళో సగం మందికి వినబడేలా దించింది.

"ముప్పై ఒక్క ఏళ్ళు ఆ స్కూలు పిల్లలకి వండి పెట్టాను. ఎవడు ఇంట్లో తినకుండా వచ్చాడో మొహం చూసి చెప్పేదాన్ని. మీ ఇద్దరి మొహాలు చూస్తుంటే నాకు విసుగు తప్ప ఏం తెలియడం లేదు. పసిపిల్లలు ఊళ్ళోనే చదవాలని ఇద్దరూ అంటారు. కుర్చీలు రెండున్నాయి. మీరూ ఇద్దరే. ఒక్క కుర్చీ కోసం కొట్టుకుంటూ రెండోది పైక్‌కి తుడిచి పెడుతున్నారు. ఇంత సులువు లెక్క మీకెవరూ నేర్పలేదంటే, ఆ స్కూలు మూసేసినా తప్పులేదు."

పై వారమంతా తండ్రీ కూతుళ్ళ మధ్య మాటలన్నీ వెర్నా చెవుల మీదుగానే నడిచాయి. ట్రాక్టరు తాళం ఎక్కడుందో నాన్నని అడగమని ఆవిడా, దూడకి మందెప్పుడు పొయ్యాలో నీ కూతుర్ని అడగమని ఈయనా. ఇద్దరూ ఆమెకి చెరో పక్కన నిలబడే అడిగేవాళ్ళు. వెర్నాకి అరిచి ఏడవాలనిపించేది.

ఆ పై మంగళవారం ఓట్లు పడ్డాయి. బుధవారం పొద్దున్న కాఫీ వేళకి కౌంటీ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. వెర్నా అంకెలు ఒక కవరు వెనక రాసుకుంది. పైక్ రెండు వందల ముప్పై ఒకటి. డెల్బర్ట్ నూట తొంభై ఎనిమిది. కొరీన్ నూట తొంభై ఏడు. వందమందికి పైగా ఒక్క గడే నింపారట.

ఫలితం వినడానికి వచ్చిన కొరీన్ మొహం పాలిపోయింది. అయినా ముందుకొచ్చి తండ్రికి చెయ్యి అందించింది. "మంచిది నాన్నా. గెలిచావు."

డెల్బర్ట్ ఆ చెయ్యి అందుకుని వదల్లేదు, ఊపనూ లేదు.

వెర్నా కవరు మీంచి కళ్ళెత్తలేదు. "డెల్, నువ్వు రెండో గడి నింపావా?"

డెల్బర్ట్ కూతురి చెయ్యి వదిలేశాడు. "లేదు."

"నేను నింపాను," అంది కొరీన్.

"ఎవరికి?"

"ఎవరికేంటి నాన్నా. పైక్‌కి వేస్తానా?"

నువ్వు మొండివాడివని ఆ గడి నింపేటప్పుడు కూడా తిట్టుకున్నానంది. కానీ టెస్ స్కూలుకి తాళం పడకుండా చెయ్యెత్తే మనిషి నువ్వు తప్ప ఇంకెవరున్నారని నింపేశానంది. చెబుతూ చెబుతూనే, పనికి ఆలస్యమవుతోందని కోటు తీసుకుని వెళ్ళిపోయింది.

లెక్క చెప్పడానికి స్కూలు అవసరం లేకపోయింది. కూతురి ఓటు పడకపోతే తను గెలిచేవాడు కాదు. తన ఓటు పడి ఉంటే కూతురు ఓడేది కాదు. డెల్బర్ట్ లేచి పశువుల పాకలోకి వెళ్ళాడు. గంట తర్వాత వెర్నా వెళ్ళి చూస్తే, ఆయన ఒక దూడ మెడ మీద తల ఆనించి నిలబడి ఉన్నాడు. దానికి మందు పోస్తున్నానన్నాడు. సీసా మూత కూడా తీయలేదు. వెర్నా ఏమీ అనకుండా మూత తీసి చేతికిచ్చింది.

సాయంత్రం ఆయన పెరడు దాటి కూతురి తలుపు తట్టాడు. జనవరిలో కొత్త బోర్డు కూర్చున్నప్పుడు రెండు స్కూళ్ళూ ఉంచమని తను ఎంత అరిచినా ఓడిపోతాననీ, ఖర్చు తగ్గే దారి చూపిస్తే మాత్రం ఇద్దరు ముగ్గురు ఇటు తిరుగుతారనీ చెప్పాడు. ఆ దారి నీ కాగితాల్లో ఉంది, నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాడు. అర్థం కావడానికి ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ వంటింటి బల్ల దగ్గర వాళ్ళు పడ్డ గొడవ చూసి, మాట్లాడుకోని రోజులే నయమనుకుంది వెర్నా.

జనవరి సమావేశంలో డెల్బర్ట్ కళ్ళద్దాలు పెట్టుకుని, కాగితాలు పట్టుకుని లేచాడు. "ఇది నా ఆలోచన కాదు. నా కూతురిది. నవంబరులో నేను దీనికి అడ్డుపడ్డాను, తప్పు చేశాను," అని మొదలుపెట్టాడు. రెండో పేజీలో పెద్ద స్కూలు మూసే తేదీ దగ్గర చదవడం ఆపేశాడు. మిగతాది కూతుర్ని చదవనివ్వమని అధ్యక్షురాలిని అడిగాడు. కొరీన్ వెనక వరసలోంచి వచ్చి, తండ్రి చేతిలో కాగితం అందుకుని, ఆయన ఆగిన చోటు నుంచే చదివింది. అటు మూడు చేతులు, ఇటు నాలుగు చేతులు లేచి చిన్న స్కూలు నిలబడింది. అన్నిటికంటే ముందు లేచిన చెయ్యి డెల్బర్ట్‌ది. అది చివరి వరసలో ఉన్న వెర్నాకి కూడా కనబడింది.

బయట మెట్ల మీద మంచు గడ్డకట్టి ఉంది. కొరీన్ తండ్రి మోచెయ్యి పట్టుకుంది. మామూలుగా అయితే విదిలించేసేవాడే.

"జాగ్రత్త. జారేవు," అన్నాడు డెల్బర్ట్, బరువంతా ఆమె మీదే వేసి దిగుతూ.

"నాకేం కాదు నాన్నా. నువ్వు గట్టిగా పట్టుకో."

"వెర్నా, దీనికి మెట్లు దిగడం కూడా రాదే," అన్నాడాయన వెనక్కి తిరిగి.

వెర్నాకి విసుగే వచ్చింది. ఆ విసుగుతోనే కళ్ళు తుడుచుకుని, ఇద్దరి వెనకా మెల్లగా దిగింది.