తప్పుడు భూమి పట్టిక

గిద్దలూరు బస్టాండులో మేకల బేరగాడి వేషంలో ఉన్న ఏజెంట్ శ్యాంసన్ చెవిలో చీఫ్ గొంతు పలికింది.

“విదేశీ ముఠా మనిషి మన ట్రాకింగ్ స్టేషన్‌లో దూరాడు. కాసేపట్లో తుఫాన్లను ముందే చెప్పే మన ఉపగ్రహం ఆకాశంలోని ఒక చెత్త ముక్కను తప్పించుకోవాలి. వాడి ప్లాన్ పారితే దాన్నే గుద్దుతుంది. మిగతాది వందన చెబుతుంది.”

వందన! నల్ల కళ్లద్దాలు, ఎర్ర స్కూటీ. ముఠా జీతం తీసుకుంటూ ఇటు కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. ఎవరి మనిషో చీఫ్‌కూ తెలియదు.

స్కూటీ పక్కనే ఆగింది.

“మేకపోతు కుంటుతాందా అన్నా?” అందామె. అదే కోడ్.

“లేదు, అలిగింది.”

“ఎక్కు.”

స్కూటీ దూసుకుపోయింది.

“భూమి ఒకే తీరుగా తిరగదన్నా. ఎంత తేడా వచ్చిందో రోజూ కొత్త పట్టిక వస్తాది. స్టేషన్‌లో కంప్యూటర్ స్క్రిప్ట్ దానంతట అదే దాన్ని దింపుకుంటాది. ఆ పట్టికను బట్టే ఉపగ్రహం ఏడుందో లెక్క. ముఠా ఈపొద్దు అది దింపుకునే చోట తప్పుడు పట్టిక పెట్టింది.”

“స్క్రిప్ట్ ఆపు!”

“వాడు సర్వర్ రూమ్‌కు లోపల గడియ పెట్టుకున్నాడు. డౌన్‌లోడ్ కాకుంటే మాత్రం స్క్రిప్ట్ నిన్నటి పట్టికే వాడుకుంటాది. ఒక్క రోజుకు అది చాలు.”

రోడ్డు పక్కన జేసీబీ తవ్వుతున్న గుంతలో స్టేషన్‌కు పోయే కేబుల్ కనబడింది. శ్యాంసన్ స్కూటీ మీంచి దూకాడు.

“చిన్నాయనా, ఆ ఇంటర్నెట్ కేబుల్ తెంపు!”

డ్రైవర్ చెంచయ్య ఎగాదిగా చూశాడు. “పో అబ్బయ్యా! మొన్న తెలీక తెంపితేనే నా ఏడు తరాలను తిట్టినారు. కావాలని తెంపితే బండి గుంజుకుంటారు.”

శ్యాంసన్ పెన్ పిస్టల్ తీసి గురిపెట్టాడు.

“ఏంది, పెన్ను చూపిస్తాండావు? నేను సంతకాలు పెట్టను.”

వందన కళ్లద్దాలు తీసింది. “మామా, పోయిన తుఫానుకు నీ మిరప ఏమైంది?”

“కల్లంలోనే కుళ్లిపోయింది.”

“ముందే తెలిసింటే?”

“ఎత్తి ఇంట్లో పోసుకుందుము.”

“ముందే చెప్పే ఉపగ్రహమే ఇప్పుడు పోతాంది మామా.”

చెంచయ్య లివర్ లాగాడు. బకెట్ లేచింది, దిగింది. మట్టిలో కేబుల్ ఫట్‌మంది.

వందన స్టేషన్ వాకీటాకీని చెవికి ఆనించింది. గరగర. తర్వాత ఆపరేటర్ గొంతు: “డౌన్‌లోడ్ ఫెయిల్. నిన్నటి పట్టికతో లెక్క... ఇంజన్ వెలిగింది... తప్పుకుంది! వెంట్రుకవాసి!” వెనకే తలుపు పగిలిన చప్పుడు, ఎవడిదో కేక.

“అయితే నువ్వు మన మనిషివేనా?” అన్నాడు శ్యాంసన్.

“ఇప్పుడా అడిగేది?”

శ్యాంసన్ చీఫ్‌కు ఫోన్ కలిపాడు. కేబుల్ తెగాక గిద్దలూరులో ఒక్క టవరూ పలకలేదు. దేశాన్ని కాపాడిన ఏజెంట్, ఆ సంగతి చెప్పడానికి మార్కాపురం బస్సు కోసం నిలబడ్డాడు.