ఆకుపచ్చ చుక్క

"శత్రువు చేపల బోటు వేషంలో వస్తున్నాడు. లోపల పేలుడు పదార్థాలు. ఈ ఉదయమే," అన్నారు చీఫ్ జ్ఞానప్రకాశం. "కోడ్‌వర్డ్ ‘పులస’. నేను ఆ మాట అనగానే గస్తీ నౌక కాల్చేస్తుంది."

రాజోలులో ఒక అద్దె మేడ. కింద రొయ్యల మేత దుకాణం, పైన కంట్రోల్ రూమ్. మేత అమ్మే పిల్ల వేషంలోనే మెట్లెక్కి వచ్చింది ఏజెంట్ సత్యదుర్గ. చెవి దుద్దులో మైక్. ఆమెది అంతర్వేది దగ్గరి పల్లె, బోటువాళ్ల కుటుంబం. ఆ ఇంట్లో డిగ్రీ చదివింది ఆమె ఒక్కతే.

గోడ నిండా స్క్రీన్. ప్రతి బోటులోనూ సిగ్నల్ పెట్టె. అది పనిచేస్తుంటే ఆకుపచ్చ చుక్క, ఇక్కడా, మిగతా బోటువాళ్ల ఫోన్లలోనూ. ఆపేస్తే ఇక్కడ ఎరుపు, ఫోన్లలో మాయం. ఎరుపంటే శత్రువు. ఈ లెక్క రాసిన కన్సల్టెంట్ దివ్య పక్కనే ఉంది. సిల్కు చీర, సెంటు గుబాళింపు. ఏసీ హోటల్లో కూర్చుని ఈ సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్ తయారు చేసిన మనిషి.

"సిస్టమ్ కట్టకముందే బోట్లెక్కి బోటువాళ్లనడుగుదాం సార్," అని దుర్గ అప్పట్లో ఎంతో మొత్తుకుంది.

"టైమ్ లేదమ్మా," అన్నారు చీఫ్.

బోట్లు గోదావరి సముద్రంలో కలిసే మొగ దాటి వెళ్లాయి. ఒక్కో చుక్కా ఎర్రబడింది. చూస్తుండగానే ఊరు ఊరంతా ఎరుపు. అందులో దుర్గ అన్న నూకరాజు బోటు కూడా.

"ఇన్ని శత్రు బోట్లా!" చీఫ్ మైక్ అందుకున్నారు.

"రూల్ ప్రకారం అంతే సార్. ఆలస్యం చేయకండి," అంది దివ్య.

"పుల..."

దుర్గ మైక్ లాగేసుకుని రేడియో మీటను అన్న బోటుకు తిప్పింది.

"అన్నయ్యా! పెట్టె ఎందుకాపేవు?"

"దుర్గమ్మా? మేత కొట్లో రేడియో ఏంటే?"

"ముందు చెప్పు!"

"ఆపకపోతే నా చుక్క ఆ పక్క బోటు సత్తియ్యగాడి ఫోన్లో కనపడిపోదూ? నేను వలేసిన చోటికే వచ్చేత్తాడు. మొగ దాటితే అందరం ఆపేత్తాం, ఆయ్."

స్క్రీన్ మీద ఒకే ఒక్క చుక్క ఇంకా ఆకుపచ్చగా మెరుస్తోంది.

"అదే సార్ శత్రువు," అంది దుర్గ. "మా వాళ్ల పద్ధతి తెలియనివాడు. మన డాక్యుమెంట్ మాత్రమే చదివినవాడు."

గస్తీ నౌక అటు తిరిగింది. పేలుడు పదార్థాలు దొరికాయి. బోటు నడిపేవాడి ఫోన్లో దివ్య డాక్యుమెంట్ మొత్తం దొరికింది.

దివ్య మెల్లగా మెట్ల వైపు కదిలింది. దుర్గ అడ్డంగా నిలబడింది.

"కూర్చోండి మేడమ్. మీరు ఎవరినీ అడగలేదు. మేం అడుగుతాం."

నెల తిరక్కుండా చీఫ్‌కు ప్రశంసాపత్రం వచ్చింది. రెండో వెర్షన్ ప్లానింగ్ మీటింగ్ ఢిల్లీలో పెట్టారు. బోటువాళ్లను పిలుద్దామని దుర్గ మళ్లీ అడిగింది. టైమ్ లేదన్నారు.

నూకరాజుకు మాత్రం పెట్టె ఆపినందుకు నోటీసు వచ్చింది. దుర్గ చదివి వినిపిస్తే, వల బాగుచేసుకుంటూ తలెత్తకుండానే అన్నాడు:

"అయితే అంత సముద్రంలో మీ రూలు పాటించినోడు ఆ దొంగోడొక్కడే అన్నమాట."